అత్తగారి కోసం రాజేసిన పొయ్యి

ఆ శనివారం విజయకుమార్ పెందలాడే లేచి హాల్లోని పాత ఫైర్‌ప్లేస్ ముందు చతికిలబడ్డాడు. మధ్యాహ్నం భోజనానికి న్యూకాసిల్ నుంచి తోడల్లుడు నరసింహం వస్తున్నాడు, అత్తగారు గిరిజమ్మను వెంటబెట్టుకుని. ఇంగ్లండులో ఈ చలికాలం ఇక్కడ స్విండన్‌లో చిన్నకూతురు వైదేహి దగ్గర ఉంటుందో, న్యూకాసిల్‌లో పెద్దకూతురి దగ్గరే ఉండిపోతుందో ఇల్లు చూసి చెబుతానంది ఆవిడ. ఉంటే ఏడాది దాటిన మనవరాలు సిరిని ఆవిడకు అప్పగించి వైదేహి సోమవారం ఆఫీసుకు వెళ్తుంది. లేకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. నర్సరీలో వేసవి దాకా చోటు లేదు.

నరసింహం డాక్టరు. అతని ఇంట్లో నేల కూడా వెచ్చగా ఉంటుంది. అందుకే విజయకుమార్ తమ ఇంట్లో అసలైన కట్టెల మంట ఉందని అత్తగారికి ఫోన్లో కోతలు కోశాడు. అందులో అంతవరకు అగ్గిపుల్ల కూడా గీయలేదు.

కట్టెలు కొనుక్కోవడం అతని వంశంలో లేదు. పెరట్లో పాత యజమాని కొట్టి పడేసిన చెట్టుకొమ్మ ఉంది, మనిషంత పొడుగు. కోయడానికి రంపం లేదు. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ పొడుగాటి కట్టెను ఒక కొస పొయ్యిలో పెట్టి, కాలేకొద్దీ లోపలికి తోసేది. ఇదీ పొయ్యే కదా అనుకున్నాడు. ఒక కొస లోపల పెడితే రెండో కొస సోఫా దాకా వచ్చింది.

"ఇలా వదిలేస్తే కాలుతూ కాలుతూ సోఫా దాకా వస్తుంది," అంది వైదేహి.

"తోస్తూ ఉంటాను."

"ఎప్పటిదాకా?"

అది అతను ఆలోచించలేదు.

తడికట్టె. దేవుడి గూట్లోని కర్పూరమంతా అయ్యాక గాని అంటుకోలేదు. అంటుకున్నాక పొగ పైకి పోలేదు. చిమ్నీకి అడ్డురేకు ఉంటుందని, ముందు దాన్ని తెరవాలని అతనికి తెలియదు. పొగ హాలంతా కమ్మింది. అలారం అరిచింది. సిరి అంతకు మించి అరిచింది. వైదేహి ఫోన్లో వెతికి రేకు సంగతి చెప్పి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. పొగతో పాటు ఇంట్లో ఉన్న కాస్త వేడీ పోయింది. పిల్లకు కోటు, టోపీ తొడిగారు. చుట్టాలు వచ్చేసరికి ఇల్లు వీధికన్నా చల్లగా ఉంది.

నరసింహం లోపలికి రాగానే చూసింది, నేల మీద నుంచి లేవని తోడల్లుణ్ణి. నమస్కారం కూడా ఒంటిచేత్తోనే పెట్టాడు. రెండో చెయ్యి కట్టె మీద ఉంది. డాక్టరుకు అది నడుంనొప్పిలా కనిపించింది. ఎన్నాళ్లుగా అని అడిగాడు. నొప్పి లేదని మొత్తుకున్నా వినలేదు, రోగులంతా మొదట అలాగే అంటారన్నాడు. చంకల్లో చేతులు పెట్టి ఎత్తి, సోఫాలో వాల్చి, ఒక కాలు పైకెత్తి పరీక్ష మొదలుపెట్టాడు.

తోసేవాడు లేక కట్టె కొస కాలి విరిగి తివాచీ మీద పడింది. విజయకుమార్ కాలు విడిపించుకుని ఉరికాడు. చేతికందింది బల్ల మీది మిరియాల చారు గిన్నె. దాన్నే నిప్పుల మీద కుమ్మరించాడు.

ఆ ఘాటుకు ఇల్లు ఇల్లంతా దగ్గుతూ వానలోకి పరుగెత్తింది. పక్కింటి ముసలాయన ఫైర్ ఇంజన్‌ను పిలవమంటారా అని మర్యాదగా అడిగాడు.

గిరిజమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. సరిగ్గా అంటుకుంటే చలి ఉండదని విజయకుమార్ నసిగాడు.

"చలికి స్వెట్టరుంది బాబూ," అందావిడ. "ముప్పయ్యేళ్లు పొయ్యి ఊదీ ఊదీ కళ్లు పోగొట్టుకున్నాను. గ్యాసొచ్చాక మళ్లీ కట్టె మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాను. విమానమెక్కి వచ్చి మళ్లీ పొయ్యి ముందే కూర్చోవాలా?"

"ఇంకెప్పుడూ వెలిగించను అత్తయ్యగారూ."

"ఇవాళ ఇది ఆర్పుతారు. రేపు ఇంకోటేదో రాజేస్తారు." ఆవిడ పెద్దల్లుడి వైపు తిరిగింది. "ఆ పెట్టెలు దించకండి బాబూ."

అప్పుడు చూశాడు విజయకుమార్. కారు డిక్కీ తెరిచి ఉంది. లోపల మూడు పెట్టెలు, పచ్చడి జాడీలు, ఆవిడ దిండు.

"ఇక్కడే ఉంటానని అత్తయ్యగారు నిన్ననే తేల్చేశారు బ్రదర్," అన్నాడు నరసింహం, సగం దించిన పెట్టెను వదలకుండా. "ఇల్లు చూడ్డం మాటవరసకే."

అతని గొంతులోని బాధకు మందు లేదు. పెట్టె మళ్లీ లోపలికి వెళ్లింది. కారు ఉత్తరానికి తిరిగింది.

సోమవారం వైదేహి వేళకే ఆఫీసుకు వెళ్లింది. ఉద్యోగం మానేసింది విజయకుమార్.