నాలుగు వందల పదిహేడో నంబరు ఉద్యోగి

"ఈ ఆఫీసులో హత్య జరిగింది. శవం ఒక్కటే తక్కువ, మిగతా కేసంతా నా బుర్రలో సిద్ధంగా ఉంది," అని బావ భోజనాల గదిలో చెంచా పైకెత్తి ప్రకటించాడు. వినాల్సిన దౌర్భాగ్యం, ఎప్పటిలాగే, ఎదురుగా కూర్చున్న బావమరిదికి పట్టింది.

ఇద్దరిదీ ఒకే పార్శిల్ కంపెనీ. బావ పాత ఫైళ్ల గదిలో గుమాస్తా. ఇరవై ఏళ్లుగా డిటెక్టివ్‌నని చెప్పుకుంటున్నా ఆయన ఛేదించిన కేసు ఒక్కటే: తప్పిపోయిన సొంత కళ్లజోడు. అదీ నెత్తిమీదే ఉందని భార్య చెబితే. బావమరిది ఫోన్లో ఫిర్యాదులు వినే ఉద్యోగి. పార్శిల్ పోయిందని ఏడ్చేవాళ్లను ఓదార్చి, అది ఎక్కడ ఇరుక్కుందో కనిపెట్టి, ఇంటికి చేర్పించేదాకా ఊరుకోడు.

ఆ ఓపికే అతని కొంప ముంచింది. ఉద్యోగుల ప్రతిభను కొలవడానికి కంపెనీ కొత్తగా ఓ సాఫ్ట్‌వేర్ కొన్నది. దానికి పక్షపాతం లేదని మేనేజరు మురిసిపోయాడు. నిజమే, దానికి కళ్లూ చెవులూ కూడా లేవు. ఎవరి నంబరు మీద కంప్యూటర్లో ఎంత పని నమోదైతే వాళ్లకు అంత ప్రతిభ. ఫోన్లో ఓదార్చడమంటే దాని దృష్టిలో కునికిపాట్లు పడటమే. మొదటి స్థానం 417వ నంబరుకు వచ్చింది, చివరిది బావమరిదికి. 417 చేసే పనిలో కనీసం పదో వంతు చేయలేనివాళ్లు శుక్రవారం సాయంత్రం గుర్తింపు కార్డు అప్పగించి వెళ్లిపోవాలని ఉత్తర్వు వచ్చింది. బావమరిది ఇంట్లో ఇంకా చెప్పలేదు. అక్కకు చెబితే అరగంటలో అమ్మకు తెలిసిపోతుంది.

చిత్రమేమిటంటే, సెలవు పెట్టని, ఎదురు చెప్పని, జీతం పెంచమనని ఆ మహానుభావుణ్ణి ఎవరూ చూడలేదు. సన్మానానికి పిలిస్తే రాలేదు. సిబ్బంది వ్యవహారాలు చూసే మేడమ్‌ను అడిగితే, తనూ చూడలేదుగానీ ఆయన గ్రాఫు మాత్రం చాలా అందంగా ఉంటుందని చెప్పింది.

బావకు అంతే చాలు. అసూయతో ఎవరో చంపేశారని తేల్చాడు. చచ్చినవాడు రోజూ పనెలా చేస్తున్నాడని బావమరిది అడిగితే, అదే హంతకుడి తెలివన్నాడు. వేలిముద్రల కోసం టీ కప్పుల మీద పౌడరు చల్లి మేనేజరు చేత పౌడరు టీ తాగించాడు. మేడమ్ వెనకాలే నక్కుతూ ఆడవాళ్ల బాత్రూము దాకా వెళ్లి, క్షమాపణ పత్రం రాసిచ్చి వచ్చాడు. వాచ్‌మన్‌ను గంటసేపు నిలదీసి, చివరికి తన ఇంటి గుట్టే అతనికి చెప్పేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం బావమరిదిని వెంటబెట్టుకుని మూడో అంతస్తు చివరి గది దగ్గర ఆగాడు. లోపల్నుంచి ఎడతెరిపి లేని మూలుగు.

"విన్నావురా? బతికే ఉన్నాడు. కట్టేసి పని చేయిస్తున్నారు."

"బావా, ఒకసారి తలుపు తట్టి చూద్దాం."

డిటెక్టివులు తలుపు తట్టరని చెప్పి, బావ తాళం రంధ్రంలో పిన్నీసు తిప్పాడు. పిన్నీసు విరిగింది. భుజంతో ఒక్క గుద్దు గుద్దాడు. అసలు తాళమే వేయని తలుపు హాయిగా తెరుచుకుంది. బావ బొక్కబోర్లా పడ్డాడు. కాలికి చుట్టుకున్న వైరు ప్లగ్గుతో సహా ఊడొచ్చింది. మూలుగు ఆగిపోయింది.

గదిలో ఉన్నది పార్శిళ్ల మీద అంటించే చిరునామా చీటీలు ముద్రించే ప్రింటరు.

చప్పుడు విని రెండు నిమిషాల్లో మేనేజరూ మేడమూ రొప్పుతూ వచ్చారు. 417 ఉన్నట్టుండి పని మానేశాడని మేనేజరు మొత్తుకున్నాడు. బావమరిది వంగి చూశాడు. ప్రింటరు పక్కన అతికించిన కాగితం మీద 417 అని రాసి ఉంది. నంబరు లేనిదే కంప్యూటరు ఒప్పుకోకపోయేసరికి, దాన్ని బిగించినవాడు ఎవరికీ కేటాయించని ఉద్యోగి నంబరొకటి దానికి ఇచ్చేసి వెళ్లాడు.

బావ చొక్కా దులుపుకుంటూ, తనకు మొదట్నుంచీ ప్రింటరు మీదే అనుమానమని సెలవిచ్చాడు.

మనుషుల్ని ప్రింటరుతో పోల్చి తీసేశారని బయట పొక్కితే పరువు పోతుందని మేనేజరు అక్కడికక్కడే ఉత్తర్వు రద్దు చేశాడు. బావమరిది మెడలో కార్డు మెడలోనే మిగిలింది.

మేడమ్ అందరికీ సర్దిచెప్పింది. "సాఫ్ట్‌వేర్ తప్పేం లేదండీ. పాపం, మెషీన్ని మనిషనుకుంది, అంతే."

"మరి మమ్మల్ని ఏమనుకుంది మేడమ్?" అన్నాడు బావమరిది.

కంప్యూటర్లో చూసి చెబుతానని ఆమె కిందికి వెళ్లింది.