ఛైర్మన్ గారి నెత్తుటి చుక్క

"నా ఒంట్లో చివరి నెత్తుటి చుక్క వరకూ పల్నాడు ప్రజలదే" అని రాష్ట్ర రక్త సంక్షేమ మండలి ఛైర్మన్ వెంకటాద్రి గారు పాతికేళ్లుగా చెబుతున్నారు. చివరి చుక్క సంగతి అందరికీ తెలిసిందే. మొదటి చుక్క ఎప్పుడిస్తారని మాత్రం ఎవరూ అడగలేదు. అడగకపోయినా ఇస్తానని ఆయనే నరసరావుపేటలో ప్రకటించారు. అదీ ఆయన ఔదార్యం.

సందర్భం ఏమిటంటే, మా కాలనీ ఆరోగ్య కేంద్రానికి కొత్త మిషన్ వచ్చింది. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, చేత్తో ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. లోపల ఒక బిళ్ల, బిళ్లలో వెంట్రుక కంటే సన్నని కాలవలు. వేలి నుంచి ఒక్క చుక్క వేస్తే ఎర్రకణాలు ఒక కాలవలోకి, తెల్లకణాలు ఇంకో కాలవలోకి వెళ్లిపోతాయి. తెల్లవి ఎన్నున్నాయో పావుగంటలో చెప్పేస్తుంది. సాగర్ కాలవల దగ్గర కూడా ఇంత గొడవ లేకుండా పంపకం జరగడం మా జిల్లా ఎరగదు.

అందరికంటే ఎక్కువ సంబరపడింది మా పక్కింటి నజీమా. బట్టలు కుడుతుంది. రొమ్ములో గడ్డ తీశాక గుంటూరులో మూడు వారాలకోసారి మందు ఎక్కిస్తున్నారు. తెల్లకణాలు తగ్గితే ఆ మందు ఎక్కించరు. బస్సులో అంతదూరం వెళ్లి, సగం రోజు కూర్చుని, కౌంటు చాలదనిపించుకుని తిరిగి రావాలి. అలా ఇప్పటికే రెండుసార్లయింది.

"ఇక్కడే తెలిస్తే ఆ తిరుగుడు తప్పుద్ది వదినా" అంది, మందుకు నల్లబడ్డ గోళ్లకు గోరింటాకు పెట్టుకుంటూ.

అయితే ప్రోటోకాల్ అని ఒకటుంది. ముందు ఛైర్మన్ గారి తొలి చుక్క, తర్వాత వారి చేతుల మీదుగా రిబ్బను, ఆ తర్వాతే ప్రజల రక్తం.

ఆ రోజు షామియానా కింద ఛైర్మన్ గారు అద్భుతంగా మాట్లాడారు. "తెల్లకణం అంటే ఏంది? కార్యకర్త! శత్రువు రాగానే అడ్డం పడతాడు. మనం తెల్లచొక్కాలు ఊరికే ఏస్తున్నామా?" ఈలలతో షామియానా ఎగిరిపోయింది. ఫలితం అందరికీ కనబడాలని పెద్ద స్క్రీన్ కూడా పెట్టించారు.

ల్యాబ్ టెక్నీషియన్ గ్రేస్ సూది బయటకు తీసింది. నెత్తురు చూసి జంకే వంశం కాదు ఆయనది. సూది సంగతి మాత్రం వంశంలో ఎవరూ చెప్పినట్టు లేరు. "ఇలాంటివి ఏకాంతంలో చేయాలి" అంటూ వారు తెర వెనక్కి వెళ్లారు. వెంటనే పీఏ రాఘవ చెమటలు కక్కుతూ ఆడవాళ్ల వరుస దగ్గరకు వచ్చాడు.

"అక్కా, ఎవరైనా ఒక్క చుక్క! సార్ తరఫున."

నజీమా లేచింది. "నా కౌంటు నాకు తెలుసుద్దా?"

"స్క్రీన్ మీదే తెలుసుద్ది అక్కా!"

తోడుగా నేనూ వెళ్లాను. తెర వెనక ఛైర్మన్ గారు కళ్లు మూసుకుని కుర్చీలో ఉన్నారు. వారి వేలికి అప్పటికే ప్లాస్టరు వేసేశారు. తెర సందులోంచి నజీమా వేలు ఒక్కటే బయటకు వచ్చింది. గ్రేస్ గుచ్చింది, ఫొటోగ్రాఫర్ దగ్గరగా వచ్చి ఫొటో తీశాడు, జనం జేజేలు కొట్టారు.

పావుగంటకు స్క్రీన్ వెలిగింది. 'వెంకటాద్రి గారు. తెల్లకణాలు: చాలా తక్కువ. వెంటనే వైద్యుని సంప్రదించండి.'

అప్పుడు కారంపూడి కార్యకర్త ఒకడు మైకును కావలించుకున్నాడు. "తెల్లకణాలన్నీ మాకే పంచిపెట్టావా అన్నా!"

ఇక పట్టేవాళ్లు లేరు. క్రోసూరులో కొట్లు కట్టేశారు. ఇద్దరు మోకాళ్ల మీద కొండవీడు ఎక్కుతామని బయల్దేరారు. ఆ గోలలో రిబ్బను సంగతి ఎవరికీ గుర్తులేదు. అది నా రక్తం కాదని ఛైర్మన్ గారు ఒక్కమాట చెప్పి ఉండవచ్చు. కానీ ఒకసారి ఇచ్చిన రక్తాన్ని నాది కాదనే మనిషి కాదాయన. నేరుగా ఇంటికి వెళ్లి పడుకున్నారు.

మర్నాటి నుంచి రోజూ హెల్త్ బులెటిన్. బులెటిన్‌కి కౌంటు కావాలి, కౌంటుకి అదే రక్తం కావాలి. కనుక పొద్దున్నే రాఘవ మిషన్ చంకన పెట్టుకుని, గ్రేస్‌ని వెంటబెట్టుకుని నజీమా ఇంటికి వచ్చేవాడు. ఎక్కడికైనా పట్టుకుపోవచ్చన్నది నిజమే. మిషన్‌తో పాటు గుడ్లు, దానిమ్మకాయలు, నాటుకోడి.

"తిను అక్కా, సార్ కౌంటు పెరగాల."

"మీ సార్‌నే తినమనొచ్చుగా?"

"సార్ తింటే షుగరు పెరుగుద్ది అక్కా, కౌంటు పెరగదు."

హైదరాబాద్ నుంచి పెద్ద డాక్టరు వచ్చాడు. ఛైర్మన్ గారి నాడి చూసి, నజీమా గుంటూరు ఆస్పత్రి కాగితాలు తిరగేసి, ఆమెకు తెల్లకణాలు పెరిగే ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆ రాత్రి ఆమెకు ఒళ్లునొప్పులు వస్తే నాయకుడు అస్వస్థతగా ఉన్నారని పొద్దున పేపర్లో వచ్చింది. ఆమె చుట్టాల పెళ్లిలో రెండుసార్లు బిర్యానీ వడ్డించుకుంటే నాయకుడు ఆహారం బాగా తీసుకుంటున్నారని వచ్చింది. ఆమె భర్త అక్రం మెకానిక్. పేపరు చదివి రాఘవను పిలిచాడు. "ఒరేయ్ తమ్ముడూ, ఇంట్లో అంట్లు చానా ఉన్నాయి. మీ సార్‌కి రెస్టు కావాలంటే వచ్చి తోము." రాఘవ తోమాడు. అంత అంకితభావం నేను ఎక్కడా చూడలేదు.

వారం తిరిగేసరికి కౌంటు పెరిగింది. పేటంతా టపాకాయలు. "ప్రజల ప్రార్థనలే నా తెల్లకణాలు" అని ఛైర్మన్ గారు బాల్కనీ నుంచి చెయ్యి ఊపారు. మర్నాడు నజీమా గుంటూరు వెళ్లి మందు ఎక్కించుకుంది. దింపడానికి ఛైర్మన్ గారి కారేమీ రాలేదు, సార్ కోలుకున్నారు కదా.

మందు ఎక్కాక కౌంటు మళ్లీ పడిపోవడం ఆ మందు స్వభావం. కోలుకున్న నాయకుడు మళ్లీ పడిపోవడం పార్టీ స్వభావం కాదు. రాఘవ రావడం మానేశాడు. గుడ్లు కూడా.

మళ్లీ మందుకు వెళ్లాల్సిన ముందురోజు మేమిద్దరం ఆరోగ్య కేంద్రానికి వెళ్లాం. మిషన్ అద్దాల పెట్టెలో ఉంది, చుట్టూ ఎర్ర రిబ్బను.

"కుదరదక్కా" అంది గ్రేస్. "రిబ్బను కత్తిరించలా. ఇంకా ప్రారంభం కాలేదు."

"మరి వారంపాటు రోజూ నా వేలు గుచ్చావు కదే?"

గ్రేస్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అది సార్ వేలు కదక్కా."

పొద్దున్నే గుంటూరు బస్సెక్కాం, కౌంటు ఎంతో తెలియకుండానే. బస్టాండు గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ. ఒకపక్క ఛైర్మన్ గారి నవ్వుముఖం, ఇంకోపక్క మనిషంత వేలు, కొసన నెత్తుటి చుక్క. కింద 'నా తొలి చుక్క మీకే' అని ఉంది.

ముందు సీటులో పెద్దాయన చేతులు జోడించాడు. "చూడండమ్మా, జనం కోసం గుచ్చిచ్చుకుని గుచ్చిచ్చుకుని పాపం గోరు కూడా ఎర్రబడిపోయింది."

నజీమా కిటికీలోంచి తల బయటపెట్టి ఫ్లెక్సీని పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత తన గోరు చూసుకుంది.

"ఈసారి ఆకు మంచిది వదినా. బాగా పండింది."