రేగుపొద పటం

ఒక పెద్ద అడవిలో, రెండు గుట్టల మధ్య అడవి మెడలా సన్నబడే చోట, ఒక రేగుపొద ఉంది. అది గడ్డలా రోజుకింత ఉబ్బుతోంది. అందులో ఉన్నవి రేచుకుక్కలు. నిజానికి అడవికి కాపలా కాయాల్సినవే. ఏ గాలి సోకిందో, వాటిలో కొన్ని కాపలా మానేసి, దొరికిన కుందేలునల్లా తింటూ, ఈతకు ఈత పిల్లల్ని పెడుతూ అక్కడే మకాం వేశాయి.

ఆ పొద పక్కనే, గులకరాళ్ల మధ్య, తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. అవి పిల్లలు కావడానికి ఇంకా పది రోజులు పడుతుంది. గుడ్లను మోసుకుపోయే వీలు లేదు.

అది వెళ్లి అడవి సభలో మొరపెట్టుకుంది. తీతువు నోరు తెరిస్తే అపశకునమని జింకలు చెవులు మూసుకున్నాయి. అధ్యక్షపీఠం మీది ఎలుగుబంటి మాత్రం, "విచారణ జరిపించవయ్యా," అని కార్యదర్శి ఉడుముకు చెప్పింది.

ఉడుముది పాత పద్ధతి. పొదలో రాలిన వెంట్రుకలన్నీ ఒక దొప్పలో వేసి, బాగా కలిపి, లెక్కపెట్టడం.

"వందకు తొంభై కాపలావాళ్లవే. ఇంత భద్రమైన చోటు అడవి మొత్తంలో లేదు," అని తేల్చింది.

"దొంగలూ ఆ కాపలావాళ్లే కదయ్యా!" అంది తీతువు. "ఎందరున్నారని కాదు. ఎవరు ఎక్కడున్నారు, ఎవరి పక్కన నిలబడి ఏం చేస్తున్నారో చూడాలి."

"అది మన పద్ధతిలో లేదమ్మా," అంది ఉడుము. పట్టింది వదలడం దాని వంశంలోనే లేదు.

తీతువు గుడ్లను మొగుడికి అప్పగించి, మూడు రోజులు పొద చుట్టూ ఎగిరింది. చూసిందంతా టేకాకు మీద ముక్కుతో గీసింది. నడుమ దొంగకుక్కలు. వాటి పక్కనే నిజమైన కాపలాకుక్కలు మూడు, అరిచి అరిచి సొమ్మసిల్లి ఉన్నాయి. పొద అంచున నికార్సైనవి ఐదు ఉన్నాయి. వాకిట్లో ఇంకో రెండు నిలబడి, "లోపలంతా సజావుగానే ఉంది, వెళ్లండి," అని ఆ ఐదింటినీ వెనక్కి పంపుతున్నాయి.

"ఆ వాకిటి రెండింటినీ తప్పించండయ్యా, చాలు. ఐదూ లోపలికెళ్లి పని చూసుకుంటాయి. నా గుడ్లు పిల్లలు కావడానికి ఇంకా వారం పడుతుంది," అంది తీతువు.

ఎలుగుబంటి పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "భేష్!" అంది. సభంతా భేష్ అంది. అపశకునపు పిట్టకు అంతవరకూ ఎవరూ ఆ మాట అనలేదు. దాని కళ్లు చెమర్చాయి.

"మరి ఉత్తర్వు?"

"తొందరపడకమ్మా," అంది ఉడుము. "ఎవరి మీద ఫిర్యాదు వస్తే వారి అభిప్రాయం తీసుకోవడం మన ఆనవాయితీ."

పటం వాకిటి కుక్కల దగ్గరికి వెళ్లింది. అవి శ్రద్ధగా చదివాయి. మూడో రోజు మర్యాదగా జవాబు రాశాయి: "పటం మాకెంతో ఉపయోగపడింది. అంచున ఐదుగురు పనీపాటా లేకుండా తిరుగుతున్నారని దీనివల్లే తెలిసింది. వారిని ఏటి అవతలికి బదిలీ చేయగలరు."

ఎలుగుబంటి వేలిముద్ర వేసింది.

ఐదూ ఏరు దాటిన సాయంత్రమే దొంగకుక్కలు గులకరాళ్ల మీదికి వచ్చాయి. తీతువు రెక్కలు చాచి, గొంతు చించుకుని అరిచింది. అపశకునమని అడవి చెవులు మూసుకుంది.

మర్నాటికి కుక్కలు సభ దాకా వచ్చాయి. ఎలుగుబంటి ఇప్పచెట్టెక్కింది. ఉడుము పై కొమ్మను కరుచుకుని, గాలికి ఎగిరొచ్చిన వెంట్రుకలు దొప్పలో కలిపి లెక్కపెట్టింది.

"అయ్యా, వందకు వంద! మన సభకు ఇంత కాపలా ఎన్నడూ లేదు."

"ఏమ్మా తీతువూ," అంది ఎలుగుబంటి దీనంగా, "ఇంకో పటం గీసిపెడతావా?"

"గీస్తానయ్యా. ఇప్పుడు తీరికే. పొదగడానికి ఏమీ లేవు."

నీతి: దొంగ జాడ తెలిసిన వెంటనే, ముందుగా దొంగకు చూపించి అభిప్రాయం తీసుకోవడం మర్యాద.