నేనేగారి డ్యూటీ చార్టు

ఆ బస్సు డిపోలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బస్సులు టైముకి కదిలితే "నేనే కదిలించాను" అనేవారు. ఆలస్యమైతే మాత్రం తప్పు ఎవరో ఒక డ్రైవరుది. అందుకని అందరూ ఆయన్ని నేనేగారు అనేవాళ్లు.

ఏ బస్సుకి ఏ డ్రైవరు, ఏ కండక్టరు అని వారానికోసారి డ్యూటీ చార్టు వేయడం ఆయన పని. నిజానికి ఎనిమిదేళ్లుగా ఆ చార్టు వేస్తున్నది ఆయన భార్య. ఆవిడది అదే డిపోలో పాసుల కౌంటరు. అక్కడ ఆగి నాలుగు మాటలు చెప్పుకోని డ్రైవరు లేడు. ఎవరికి బీపీ, ఎవరి భార్యకి నెలలు నిండాయి, ఏ డ్రైవరుకి ఏ కండక్టరుతో మాటల్లేవు, అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ వేసిపెడితే, సోమవారం ఆయన తన దస్తూరీతో ఎక్కించేవారు.

ఇలా ఉండగా చార్టు ఇన్‌చార్జి పోస్టు పడింది. అర్హతలు మూడు: పదేళ్ల సర్వీసు, చార్టు అనుభవం, కంప్యూటర్ పరీక్ష. నేనేగారి గుండెలో రాయి పడింది. బయటినుంచి ఎవరు పోటీకొచ్చినా ఆయనకి లెక్కలేదు. భయమల్లా వంటింట్లోంచే.

"ఏమండీ, నేనూ పెట్టనా?" అంది ఆవిడ గిన్నెలు తోముతూ.

"పెట్టవోయ్, నేనొద్దంటానా? కాకపోతే నువ్వు కంప్యూటర్ పరీక్ష పాసవలేదుగా. నలుగుర్లో నవ్వులపాలవుతావేమోనని నా బాధ."

"మీరూ పాసవలేదుగా?"

"నాది వేరు. అర్హత లేకుండా మగాడు పెడితే ధైర్యం అంటారు. ఆడది పెడితే ఆశ అంటారు. లోకం అలా ఏడ్చింది, నన్నేం చెయ్యమంటావు?"

ఆవిడ నోటీసు నాలుగుసార్లు చదివింది. మూడింట్లో తనకి రెండే ఉన్నాయని మానేసింది. ఆయనకి ఉన్నది సర్వీసు ఒక్కటే, అయినా పెట్టారు. ఆ దరఖాస్తు కూడా ఆవిడ చేతే రాయించుకున్నారు. "ఎనిమిదేళ్లుగా చార్టు నేనే వేస్తున్నాను" అన్న చోట ఆవిడ కలం ఆగింది.

"మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏమిటే? రాయి" అన్నారు.

రాసింది.

ఇంటర్వ్యూలో మేనేజరు ఒక కాగితం తోశాడు. "రేపు ఇద్దరు డ్రైవర్లు సెలవు, ఒక బస్సు షెడ్డులో ఉంది. అరగంటలో చార్టు వెయ్యండి."

నేనేగారికి ముచ్చెమటలు పోశాయి. "సార్, ఒక్కసారి బాత్రూంకి..." అని పరిగెత్తి, తలుపు గడియ పెట్టి, పెళ్లానికి ఫోన్ చేశారు.

పాసుల కౌంటర్లో అద్దం అవతలివాళ్లకి వినపడటానికి మైకు ఉంటుంది. ఆవిడ దాన్ని ఆపకుండానే ఫోనెత్తింది.

"బాత్రూంలోనా? సరే, రాసుకోండి. మీసాలాయన్ని కొండదారికి వెయ్యకండి, ఆయనకి కళ్లు తిరుగుతున్నాయి. పొట్టి కండక్టరుని ఆయన బావమరిదితో కలపకండి, కొట్టుకుంటారు..."

డిపో అంతా విన్నది. మేనేజరు కిటికీలోంచి కూడా వినిపించింది. నేనేగారు తిరిగొచ్చి, మైకు సంగతి తెలియక, అంతా తనకే తట్టినట్టు నుదురు రుద్దుకుంటూ రాశారు.

ఆవిడ కౌంటరు మూసి మేడమీద మేనేజరు గదికి వచ్చింది. "సార్, చార్టు వేసేది నేను."

"విన్నానమ్మా. కానీ నువ్వు దరఖాస్తు పెట్టలేదుగా" అన్నాడు మేనేజరు. "పోస్టు మీ ఆయనకే. పని ఎవరిచేత చేయించుకోవాలో తెలిసినవాడే కదా ఆఫీసరు!"

సిగ్గుతో నేలలోకి పోవలసిన నేనేగారు పళ్లికిలించారు. ఆవిడ మెట్లు దిగింది.

ఆ ఆదివారం ఆవిడ మధ్యాహ్నం భోంచేసి పడుకుంది. కాళ్లావేళ్లా పడ్డా లేవలేదు. చచ్చినట్టు చార్టు ఆయనే వేశారు. సోమవారం పొద్దున ఒకే డ్రైవరు పేరు రెండు బస్సుల మీద ఉంది. ఆసుపత్రిలో పడుకున్న కండక్టరుకి డ్యూటీ పడింది. బావా బావమరుదులు గేటు దగ్గరే చొక్కాలు పట్టుకున్నారు. బస్సులన్నీ ఎక్కడివక్కడే. డ్రైవర్లు గదిలోకి ఎగబడితే నేనేగారు వెనక తలుపులోంచి కౌంటరు దగ్గరికి ఉరికారు.

"ఏమోయ్, నా పరువు కాపాడు!"

ఆవిడ అద్దం కింద నుంచి ఒక కాగితం తోసింది. "పక్క డిపోలో ఇదే పోస్టు. దరఖాస్తు పెడుతున్నాను. నా పై అధికారి ఇప్పుడు మీరేగా, అనుభవం దగ్గర మీరే రాసి సంతకం పెట్టాలి."

"నీకు కంప్యూటర్ పరీక్ష..."

"లేదు. అయినా పెడుతున్నాను."

బయట హారన్లు మోగిపోతున్నాయి. ఆయన రాశారు: "ఆరేళ్లుగా ఈ డిపో చార్టు వేస్తున్నది ఈమె."

"ఎనిమిదేళ్లు."

కొట్టేసి దిద్దారు. సంతకం పెట్టారు. ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, చార్టు లాక్కుని నాలుగు పేర్లు మార్చింది. పది నిమిషాల్లో బస్సులు ఒక్కొక్కటే గేటు దాటాయి.

"నువ్వెళ్లిపోతే నా చార్టు ఎవరేస్తారే?" అన్నారు నేనేగారు, ఏడుపు గొంతుతో.

"నా కుర్చీ ఖాళీ అవుతుందిగా, వచ్చి కూర్చోండి. ఓ ఎనిమిదేళ్లు నోరు మూసుకుని డ్రైవర్లు చెప్పేది వింటే మీకూ వస్తుంది" అంది ఆవిడ. "ఊఁ, తప్పుకోండి. వెనకాల జనం నిలబడ్డారు."