ముందస్తు సమాచారం లేని మరక

మానవజాతి నిప్పును కనుక్కుంది, చక్రాన్ని కనుక్కుంది, చిట్టచివరికి నెలసరిని ముందుగా బుక్ చేసుకునే విధానాన్ని కూడా కనుక్కుంది. ఈ మూడో ఆవిష్కరణ మా వదిన పనిచేసే పరుపుల షోరూంలో జరిగింది. మొదటి రెండింటి మీద ఎవరికీ హక్కుల్లేవు గానీ, దీని మీద మాత్రం సర్వహక్కులూ యాజమాన్యానివే (అలాగని వాళ్లే గోడ మీద రాసుకున్నారు).

షోరూం పద్ధతి తెలియనివారికి కాస్త చెప్పాలి. అక్కడ పరుపును నోటితో అమ్మరు, ఒంటితో అమ్ముతారు. కొనేవాళ్లు రాగానే సేల్స్ మనిషి తెల్లటి యూనిఫాంలో, తెల్లటి పరుపు మీద వెల్లకిలా పడుకుని, ఓసారి పక్కకు దొర్లి, నడుముకు ఎంత హాయిగా ఉందో వర్ణించాలి. మా వదిన ఈ విద్యలో దిట్ట. ఆమె దొర్లిందంటే బేరం కుదిరినట్టే. ఇంట్లో రెండో ఏడు నడుస్తున్న కూతురు పుణ్యమా అని, ఆమె నడుముకు హాయి అనేది దొరికేది కూడా ఆ షోరూంలోనే.

తెల్ల పరుపులు, తెల్ల బట్టలు, ఆడవాళ్లు ఒకచోట ఉంటే ఏమవుతుందో యాజమాన్యం ముందే ఊహించింది. అందుకు మెచ్చుకోవాలి. 'ఋతుమిత్ర' అని ఒక యాప్ పెట్టింది. ప్రతి ఉద్యోగినీ నెల మొదట్లో తన తేదీలు అందులో చెప్పాలి. ఆ రోజుల్లో ఆమెను పరుపు మీంచి దించి దిండు గలీబుల కౌంటర్‌కు పంపుతారు. అక్కడ నిలబడి అమ్మవచ్చు, నల్ల ప్యాంటు వేసుకోవచ్చు. నిజం చెప్పాలంటే మంచి ఏర్పాటే. షరతల్లా ఒక్కటే, చెప్పిన తేదీకే రావాలి. తేదీ తప్పి వచ్చినదాన్ని 'ముందస్తు సమాచారం లేని సంఘటన' అంటారు (అగ్నిప్రమాదం కూడా ఈ పద్దు కిందికే వస్తుంది).

సరిగ్గా యాప్ పెట్టిన కొత్తల్లోనే మా వదిన గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టింది. రెండో బిడ్డ ఇప్పుడే వద్దనుకుంది. కూతురు ఇంకా చంక దిగలేదు, ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు. అన్నయ్య సరేనన్నాడు. (అన్నయ్య దేనికైనా సరేనంటాడు. దాన్ని సాయం కింద జమకట్టకూడదని వదిన నాకు ఎప్పుడో నేర్పింది.)

మాత్రలు మొదలైన కొన్నాళ్లకే చుక్కలు చుక్కలుగా మరక కనిపించసాగింది. ఒకరోజు ఉంటుంది, మర్నాడు ఉండదు, పోయిందిలే అనుకున్నాక పిలవని చుట్టంలా మళ్లీ దిగుతుంది. డాక్టరమ్మ కంగారు పడలేదు. కొత్త మందుకు ఒళ్లు అలవాటు పడేదాకా, మొదటి రెండు మూడు నెలలు చాలామందికి ఇలాగే ఉంటుందని, అంతమాత్రాన మాత్ర పనిచేయనట్టు కాదని, రోజూ ఒకే వేళకు వేసుకుంటే సర్దుకుంటుందని చెప్పింది. బాగా ఎక్కువైతే వెంటనే రమ్మంది. నీ అంతట నువ్వు మధ్యలో మాత్రం ఆపకు అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

ఒళ్లు అలవాటు పడే పనిలోనే ఉంది. యాప్ మాత్రం అలవాటు పడలేదు. మొదటి మరక రోజున వదిన నిజాయితీగా నమోదు చేస్తే, అది కారణం ఎంచుకోమని అడిగింది: నిర్లక్ష్యం, మతిమరుపు, ట్రాఫిక్. వదిన ట్రాఫిక్ ఎంచుకుంది. ఆమెను గలీబుల దగ్గరికి పంపారు. అక్కడికి వెళ్లగానే మరక ఆగింది. మళ్లీ పరుపెక్కమన్నారు. ఎక్కి ఒక్క దొర్లు దొర్లిందో లేదో మళ్లీ వచ్చింది. ఆ వారమంతా ఆమె పరుపులకూ గలీబులకూ మధ్య ఎంతగా తిరిగిందంటే, ఇద్దరు మనుషులనుకున్న ఒక పెద్దాయన గలీబుల దగ్గర ఆమెతో, పరుపు మీద మీ చెల్లెలు భలే పడుకుంటుందమ్మా అని మెచ్చుకుని వెళ్లాడు.

దాంతో క్రమబద్ధతా అధికారి నుంచి పిలుపొచ్చింది. ఆయన ఇంతకుముందు గోడౌన్‌కు లారీలు వేళకు వచ్చేలా చూసేవారు. చెడ్డమనిషి కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"నేనేం కాదనట్లేదమ్మా," అన్నారాయన. "మీకు నచ్చిన తేదీ చెప్పండి. ఏదైనా పర్లేదు. కానీ ఏదో ఒకటి చెప్పండి."

"నాకే తెలీదు సార్."

"మీ ఒంటి సంగతి మీకే తెలీకపోతే కంపెనీకి ఎలా తెలుస్తుందమ్మా?"

వదిన డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూపించింది. 'రావచ్చు, రాకపోవచ్చు' అన్న మాట దగ్గర అధికారి ఆగిపోయారు. ఇది వర్షాల గురించి రాసినట్టుంది గానీ మనిషి గురించి రాసినట్టు లేదని, విషయాన్ని కమిటీకి పంపారు.

కమిటీలో నలుగురు మగవాళ్లు కూర్చున్నారు. మహిళా ప్రాతినిధ్యం కోసం ఒక కుర్చీ ఖాళీగా వేశారు. చుక్క ఎంత పెద్దదైతే మరక అవుతుందన్న దానిపై చర్చ మధ్యాహ్నం భోజనం దాకా సాగింది. తేలక, షోరూంలోకెల్లా ఖరీదైన పరుపు తెప్పించి దాని మీద ఎర్ర సిరా ఒలకబోసి చూశారు. పరుపు పాడైంది. దాన్ని సిబ్బంది శిక్షణ కింద రాసుకున్నారు. సాయంత్రానికి తీర్పు వచ్చింది: సదరు ఉద్యోగిని రక్తస్రావమునకు కుదురు లేదు. కుదురు లేకపోవుటకు కారణము మాత్ర. కావున మాత్ర మానినచో కుదురు కలుగును.

ఇందులో తర్కం ఎక్కడా తప్పలేదని గమనించాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతలో కూడా వైద్యం తప్పని ఎవరూ అనలేదు.

సంఘటనలున్న మనిషి ఫైలు పర్మినెంట్‌కు వెళ్లదని అధికారి వదినకు ఎంతో మర్యాదగా చెప్పారు. "నేను ఆపమనట్లేదమ్మా. ఆపితే బావుంటుందంటున్నా, అంతే."

ఆ రాత్రి నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకొన్ని వారాలు ఓర్చుకుంటే సర్దుకునేదానికి ఎవడో లారీల మనిషి మాట విని మాత్ర ఆపడమేంటని వదినను కోప్పడ్డాను. ఆమె కూతురిని భుజం మార్చుకుని, "ఉద్యోగం ఉంటేనే కదే మాత్రలు కొనుక్కునేది. పర్మినెంట్ కానివ్వు, మళ్లీ మొదలెడతా," అంది. అందాకా జాగ్రత్తగా ఉండాలని అన్నయ్యకు గట్టిగా చెప్పింది. అన్నయ్య సరేనన్నాడు.

మాత్ర ఆపగానే కమిటీ చెప్పినట్టే జరిగింది. రావలసింది వచ్చి, మర్యాదగా వెళ్లిపోయింది. యాప్ వదినకు ఒక పువ్వు పంపింది. ఆ తర్వాతి నెల అసలేమీ రాలేదు. సంఘటన లేనందుకు యాప్ పూలగుత్తి పంపింది. ఆ పై నెలా రాకపోయేసరికి కిరీటం పంపింది. వదిన బాత్రూంలో తలుపేసుకుని ఆ కిరీటాన్ని చూస్తూ చాలాసేపు ఏడ్చింది. నడుము నొప్పికో, కూతురికో, తన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైనందుకో, నాకు తెలీదు.

నెలాఖరు సమావేశంలో ఆమెను ఉత్తమ క్రమబద్ధ ఉద్యోగినిగా వేదిక మీదికి పిలిచారు. శాలువా కప్పారు. ఇంతటి క్రమశిక్షణ ఎలా సాధించారో తోటివారికి రెండు ముక్కలు చెప్పమని అధికారి మైకు అందించారు.

"మీరు మాత్రలు ఆపితే బావుంటుందన్నారు, ఆపాను సార్," అంది వదిన. "ఇప్పుడు కడుపుతో ఉన్నాను."

అధికారి మైకు వెనక్కి తీసుకున్నారు. కడుపుతో ఉన్న మనిషిని పరుపుల మీద దొర్లించకూడదు కాబట్టి పర్మినెంట్ సంగతి కాన్పయ్యాక చూద్దామన్నారు. తర్వాత ఆయన ముఖం నెమ్మదిగా వెలిగింది. కాన్పు దాకా ఈమె నుంచి ఒక్క సంఘటన కూడా ఉండదని ప్రకటించి, మిగతా ఆడవాళ్లందరినీ ఈమెను ఆదర్శంగా తీసుకోమన్నారు.