నారింజరంగు సూర్యోదయం

ఆ ఉదయం కెమెరామన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. సినిమాలో మిగిలిన ఒకే ఒక్క సన్నివేశాన్ని అత్తగారింటి హాల్లో తీసేసి, మధ్యాహ్నానికల్లా ఇంటిని ఉన్నదున్నట్టు అప్పగించడం. అడిగి ఇల్లు ఇప్పించింది తనే.

"గోడమీద గీత పడిందా, మా అమ్మాయికి మీరే చెప్పుకోవాలి అల్లుడుగారూ," అన్నారు అత్తగారు తాళంచెవి చేతిలో పెడుతూ.

సన్నివేశమూ చిన్నదే. ఏళ్ల తరబడి భర్త కోసం ఎదురుచూసిన ఇల్లాలు. తెల్లవారుతుండగా తలుపు తెరుచుకుంటుంది. ఆమె తలెత్తి "వచ్చావా?" అంటుంది.

"నాకు ఆవిడ కళ్లు కనపడాలి. మిగతాది మీ ఇష్టం," అన్నాడు దర్శకుడు.

"కళ్లదేముందండీ, సూర్యోదయాన్నే దింపేస్తాను," అన్నాడు కెమెరామన్. వెలుగు విషయంలో అతను సందేహమన్నది ఎరగడు. ముఖమంతా కనిపిస్తే అది పాస్‌పోర్టు ఫొటో అని అతని సిద్ధాంతం.

అసలు సూర్యుడు అప్పటికే కిటికీలోంచి వచ్చి గచ్చు మీద చక్కగా పరుచుకున్నాడు. అతనికి అది నచ్చలేదు. కిటికీలన్నిటికీ బయటినుంచి నల్లగుడ్డలు కట్టించాడు. ఒక్కదాని గుడ్డ మాత్రం పైకి చుట్టించి, దాని ముందు, గదిలోపల, మనిషంత లైటు నిలబెట్టి, నారింజరంగు కాగితం తొడిగించాడు. కిరణాలు కంటికి ఆనాలంటే గదిలో పొగ ఉండాలి గనక పొగ యంత్రం తెప్పించాడు. అడ్డుపడతారని అత్తగారిని ఎదురింటికి కబుర్లకు పంపేశాడు. పొగ సంగతి మాత్రం ఆవిడకు చెప్పలేదు.

"ఇంకాస్త పొగ!"

"దగ్గొస్తోందండీ," అంది నటి.

"దగ్గకండమ్మా, కిరణం చెదిరిపోతుంది."

ఎదురింటి వరండాలో కూర్చున్న అత్తగారు యథాలాపంగా ఇటు చూశారు. కిటికీ భగభగమంటోంది. గుడ్డల అంచుల్లోంచి పొగ సుళ్లు తిరుగుతోంది. గబుక్కున ఫోన్ అందుకున్నారు.

"లోపల ఎవరైనా ఉన్నారామ్మా?" అన్నారు అగ్నిమాపక కేంద్రంవాళ్లు.

"పాతికమంది! మా అల్లుడు కూడా! తలుపులన్నీ వేసేసుకున్నారు నాయనా!"

"కిటికీలోంచి దూకమనండి!"

"కిటికీలకి నల్లగుడ్డలు కట్టేసుకున్నారు!"

అవతలివాళ్లు ఒక బండికి బదులు రెండు పంపారు.

లోపల కెమెరా తిరుగుతోంది. గది నిండా బంగారు కిరణాలు, గోడల మీద అందమైన నీడలు. మధ్యలో నటి ముఖం మాత్రం బొగ్గులా ఉంది.

"కళ్లేవండీ?" అని గొణిగాడు దర్శకుడు.

"కాస్త ఓపిక పట్టండి, వస్తాయి."

వచ్చినవి నీళ్లు. ఫైరింజను గొట్టంలోంచి కిటికీగుండా దూసుకొచ్చిన ధార సరాసరి నారింజరంగు సూర్యుడికి తగిలింది. సూర్యుడు ఢామ్మని పేలాడు. ఆ ధాటికి పైకి చుట్టిన గుడ్డ జారి కిటికీని మూసేసింది. ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోయింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో బ్యాటరీ మీద నడిచే కెమెరా ఒక్కటే ఆగలేదు.

సరిగ్గా అప్పుడే నడవ తలుపు తెరుచుకుంది. పొగలోంచి ఒక టార్చి వెలుగు తడుముకుంటూ వచ్చి నటి ముఖం మీద నిలిచింది. పొగకు చెమ్మగిల్లిన ఆ కళ్లలో భయం, దాని వెనకే ఏదో ఆశ తళుక్కుమన్నాయి. చెయ్యి తిరిగిన నటి కదా, మాట మరిచిపోలేదు.

"వచ్చావా?"

"వచ్చానమ్మా! మంటెక్కడ?" అన్నాడు టార్చి పట్టుకున్న ఫైర్‌మన్.

"కట్!" అన్నాడు దర్శకుడు. వెళ్లి ఆ ఫైర్‌మన్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

పరుగున వచ్చిన అత్తగారు ముందు అల్లుణ్ణి తడిమి చూశారు. క్షేమమని తేలాక నీళ్లోడుతున్న గోడలను చూశారు.

"మా అమ్మాయికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

సినిమా విడుదలయ్యాక పత్రికలన్నీ ఆ ఒక్క షాటు గురించే రాశాయి. ఒకే ఒక్క వెలుగుతో జీవితమంతా చూపించారన్నాయి. మంట ఊసున్న మాటను దర్శకుడు ముందే కత్తిరించాడు.

"టార్చి ఆలోచన నాదే. వెలుగు తగ్గితేనే కళ్లు మాట్లాడతాయి," అని కెమెరామన్ అడిగినవాళ్లకల్లా చెప్పాడు. చెప్పగా చెప్పగా తనే నమ్మేశాడు. దర్శకుడి తర్వాతి సినిమా తనదేనని పెట్టె సర్దుకుని ఫోన్ పక్కనే కూర్చున్నాడు.

దర్శకుడు ఫోన్ చేశాడు, అగ్నిమాపక కేంద్రానికి.