చీటీ అక్కర్లేని మాత్ర

ఆ పొద్దున షట్టరు ఎత్తగానే మందుల షాపాయన చేసిన మొదటి పని, ఇంట్లోంచి పట్టుకొచ్చిన పూల దుప్పటిని కౌంటరు చివర తెరలా కట్టడం.

కారణం బస్సు నడిపే అమ్మాయి. నిన్న సాయంత్రం వచ్చి, "గర్భం రాకుండా వెంటనే వేసుకునే మాత్రకి ఇప్పుడు డాక్టరు చీటీ అక్కర్లేదట కదండీ?" అని నెమ్మదిగా అడిగింది. నిజమే, రూలు ఈమధ్యే మారింది. ఆ మాత్ర పేరెత్తాలంటేనే ఆయనకు సిగ్గు; ఇన్నాళ్ళూ "చీటీ ఉందా?" అన్న ఒక్క మాటతో గండం గట్టెక్కేవాడు. ఇప్పుడా ఆసరా కూడా పోయింది. అంతలో వెనక ఎవరో దగ్గేసరికి, ఆయన కంగారుపడి ఆమె చేతిలో దగ్గు బిళ్ళలు పెట్టాడు. పాపం, ఆమె అవే తీసుకుని వెళ్ళిపోయింది.

రాత్రంతా ఆయనకు కంటిమీద కునుకు లేదు. ఆ మాత్ర ఎంత ఆలస్యమైతే అంత తక్కువ పనిచేస్తుంది. ఆమెకు ఇప్పటికే ఇద్దరు పసివాళ్ళు. తన పిరికితనానికి ఆమె మూడోసారి పురిటి మంచం ఎక్కాల్సి వస్తుందేమోనని ఆయన భయం.

"నోరు తెరిచి ఇచ్చేస్తే పోయేదానికి దుప్పటెందుకండీ?" అంది బిల్లులు కొట్టే భార్య.

"నీకు తెలీదు. మొహమాటపడేవాళ్ళకి చాటు ఉండాలి" అని ఆయన తెర వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

మొదట దూరినవాడు పక్క షాపు టైలరు. "లోపల ఏం పెట్టావన్నా?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి తెరెందుకు?"

షాపాయన గాభరాగా ఓ విటమిన్ మాత్రల అట్ట అతని జేబులో కుక్కి, "ఎవరికీ చెప్పకు" అన్నాడు. వీధి మొత్తానికి కబురు పంపాలంటే అంతకన్నా తేలిక మార్గం లేదు.

కాసేపట్లో షాపు ముందు జనం పోగయ్యారు. కొత్త మందట, ఊరికే ఇస్తున్నారట. మోకాళ్ళకని ఒకరు, జుట్టుకని ఇంకొకరు. రిటైరైన హెడ్మాస్టరు ఎవరూ అడక్కుండానే పెత్తనం మీదేసుకుని అందరినీ లైనులో నిలబెట్టాడు. తెర తోసుకుని వచ్చినవాళ్ళందరికీ షాపాయన విటమిన్లు పంచుతూనే ఉన్నాడు. లైను మాత్రం పెరుగుతూనే ఉంది.

అప్పుడొచ్చింది యూనిఫాంలో బస్సమ్మాయి. బస్సెక్కిందంటే మళ్ళీ రేపటికి గానీ తిరిగి రాదు.

"అమ్మాయ్, లైను!" అన్నాడు హెడ్మాస్టరు.

"డ్యూటీకి టైమైపోతోంది మాస్టారూ."

"మాకు మాత్రం మోకాళ్ళు లేవా?"

షాపాయన తెర సందులోంచి ఇదంతా చూస్తున్నాడు. ఆమె వెనక్కి తిరగబోయింది. ఆయన ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, "ఆ అమ్మాయిని ముందు రానివ్వండి!" అని అరిచాడు.

"ఎందుకు? ఏం మందుకి?" అన్నాడు హెడ్మాస్టరు.

షాపాయన తెర అంచు మొహం మీదికి లాక్కున్నాడు. లైనంతా చెవులు రిక్కించింది. అమ్మాయి ఓ క్షణం నేల చూపులు చూసింది. తర్వాత తల ఎత్తి, ట్రాఫిక్‌లో లారీవాళ్ళను అదిలించే గొంతుతో అంది:

"గర్భం రాకుండా వేసుకునే మాత్రకి మాస్టారూ. చీటీ అక్కర్లేదు. మీకూ అదే కావాలా?"

హెడ్మాస్టరు గోడకు అతుక్కుపోయి దారిచ్చాడు. షాపాయన భార్య మాత్ర, గ్లాసుడు నీళ్ళు అందించి, "ఇక్కడే వేసేసుకో తల్లీ. వాంతయితే వెంటనే నాకు ఫోన్ చెయ్యి" అంది. ఆమె వేసుకుని, నోరు తుడుచుకుని, హాయిగా ఊపిరి పీల్చుకుని బస్సు దగ్గరికి పరిగెత్తింది.

ఇక జనం సిగ్గుతో చెదిరిపోతారని షాపాయన కళ్ళు మూసుకున్నాడు. ఒక్కరూ కదల్లేదు.

"ఓస్, ఇంతేనా! మా చిన్న కోడలు దీనికోసమే డాక్టరు చుట్టూ తిరుగుతోంది. ఎప్పట్లోపు వేసుకోవాలమ్మా?" అంది ఓ ముసలావిడ. టైలరు తన పెళ్ళాం తరఫున ఇంకో సందేహం అడిగాడు. భార్య ఉప్పూ పప్పూ ధర చెప్పినంత తేలిగ్గా అందరికీ జవాబులిచ్చింది.

"ఇక బయటికి రండి, ఎవరూ ఏమీ అనుకోరు" అంది భర్తతో.

ఆయన భోజనం వేళకు వచ్చాడు.